కిటికీ వైపు దిండు

కోవిడ్ రావడానికి ముందు ఏడాది, శ్రావణమాసం మొదటి వారం. అప్పటికి నేను ప్రభుత్వ సర్వీసులో సివిల్ సర్జన్ స్పెషలిస్టు హోదాలో రిటైరై ఎనిమిది నెలలైంది. ఇల్లు రాజమండ్రిలో. తణుకు చుట్టుపక్కల నాలుగైదు నర్సింగ్ హోములకు విజిటింగ్ ఎనస్థటిస్టుగా వెళ్లేదాన్ని. విజిటింగ్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. ఫోన్ వస్తుంది, మందుల సంచీ కారులో పడేసుకుని బ్రిడ్జి దాటి వెళ్తాం, పని చేస్తాం, పేషెంటు నిలదొక్కుకునేదాకా కూర్చుని వచ్చేస్తాం. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు ఆ కుటుంబం మూడు తరాలు చెప్పుకుంటుంది. మనల్ని ‘మత్తు మేడం’ అంటారు. పేరు అడిగినవాళ్లు నా ముప్పై రెండేళ్ల సర్వీసులో ఎంతమందో వేళ్ల మీద చెప్పగలను.

మత్తు అంటారు గాని, సిజేరియన్‌లో మేం చాలావరకు మత్తే ఇవ్వం. నడుం దగ్గర వెన్నులోకి సన్నటి సూదితో రెండు మిల్లీలీటర్ల మందు ఎక్కిస్తాం. దీన్ని స్పైనల్ అంటారు. రొమ్ముల దగ్గర నుంచి కాళ్లదాకా తిమ్మిరెక్కుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డ ఏడుపు వింటుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు నడుంనొప్పి వచ్చినా ‘ఆ రోజు మత్తు డాక్టరు పొడిచిన సూదేనండి’ అంటుంది. దానికి మేం అలవాటు పడిపోయాం.

నడుంనొప్పి మాట అలా ఉంచితే, ఈ ఇంజెక్షన్‌తో నిజంగా వచ్చే చిక్కు ఒకటుంది. మందు పడిన రెండు మూడు నిమిషాల్లో ఒంటి కింది భాగంలో రక్తనాళాలన్నీ వదులైపోతాయి. రక్తం అక్కడే నిలిచిపోతుంది. పైకి, గుండెకి రావలసినంత రాదు. బీపీ పడిపోతుంది. తల్లికి కళ్లు తిరుగుతాయి, వాంతి వస్తుంది. అలాగే వదిలేస్తే స్పృహ పోతుంది, ఇంకా వదిలేస్తే గుండె ఆగుతుంది. బిడ్డకు అందే రక్తం తల్లి బీపీని బట్టే ఉంటుంది కాబట్టి లోపల బిడ్డ కూడా కొట్టుకుంటుంది. పడ్డాక లేపడం కాదు, అసలు పడకుండా చూడటమే ఎనస్థటిస్టు పనితనం. అందుకు ఇంజెక్షన్ చేస్తుండగానే సెలైన్ ధారగా వదులుతాం. రక్తనాళాలను బిగించే ఫినైల్ ఎఫ్రిన్ అనే మందును బాగా పలచన చేసి సిరంజీలో సిద్ధంగా పెట్టుకుని, బీపీ పడేదాకా ఆగకుండా ముందే కొంచెం కొంచెం ఇస్తూ పోతాం.

మూడోది దిండు. నిండు గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువంతా వెన్నుకు కుడిపక్కన పైకి వెళ్లే పెద్ద సిర మీద పడుతుంది. కాళ్లనుంచి రక్తం తెచ్చే దారి అదే. అందుకని కుడి తుంటి కింద ఒక ఏటవాలు దిండు పెడతాం. కడుపు ఎడమకు ఒరుగుతుంది, సిర మీద బరువు తగ్గుతుంది. కొత్త టేబుళ్లయితే బటన్ నొక్కితే పక్కకు వంగుతాయి. నేను చెబుతున్న నర్సింగ్ హోములో టేబుల్‌కు ఆ మర కొన్నేళ్ల క్రితమే బిగుసుకుపోయింది. దాన్ని బాగు చేయించమని నేను అడగడం, చేయిద్దామండి అని వాళ్లనడం ఏటేటా జరిగేది. నల్ల రెగ్జిన్ తొడిగిన దిండుతోనే సరిపెట్టుకున్నాం.

ఆ దిండు పెట్టే బాధ్యత థియేటర్ నర్సు సత్యవతిది. పద్నాలుగేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. సర్వీసులో ఉన్నప్పుడు కూడా డ్యూటీ అయ్యాక నేను అక్కడికి వెళ్లేదాన్ని కాబట్టి ఆమెకు పని నేర్పింది దాదాపు నేనే. చేరిన కొత్తలో ‘కుడి తుంటి కింద పెట్టమ్మా’ అంటే ‘ఆవిడ కుడాండి, నా కుడాండి’ అని అడిగేది. ఆవిడ కుడి అని చెబితే ఎదురుగా నిలబడి చేతులు అటూ ఇటూ తిప్పుకుని ఆలోచించేది. స్పైనల్ ఇచ్చాక ఆలోచనకు వ్యవధి ఉండదు. నాకు ఓపిక ఎప్పుడూ తక్కువే. ఒకరోజు విసిగిపోయి ‘కుడీ వద్దు, ఎడమా వద్దు. కిటికీ వైపు పెట్టు. అంతే’ అన్నాను. ఆ థియేటర్‌కు పడమటి గోడకు మసక అద్దాల కిటికీ ఒక్కటే ఉంది. టేబుల్ మీద పేషెంటు తల ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి. పడుకుంటే కుడిచెయ్యి కిటికీ వైపు వస్తుంది. సత్యవతి ఆ తర్వాత ఒక్కసారి కూడా అడగలేదు, ఒక్కసారి కూడా తప్పలేదు. పని నేర్పడమంటే ఇదీ అని నాలుగు చోట్ల గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ నర్సింగ్ హోము డాక్టర్ రాజేశ్వరి గారిది. కాన్పుల డాక్టరుగా ఆవిడ చెయ్యి మంచిది. నమ్మకాలు కూడా మంచివే, కాకపోతే కాస్త ఎక్కువ. ఆ ఆషాఢంలో ఆవిడ ఒక సిద్ధాంతి గారికి ఆసుపత్రంతా చూపించారు. వాస్తు చూసే ఆ పెద్దాయన థియేటర్‌లోకి వచ్చి, తల ఉత్తరానికి పెట్టి మనిషిని పడుకోబెట్టడమేంటి తల్లీ అని నివ్వెరపోయారట. శ్రావణం రాగానే టేబుల్ తిప్పించారు. తల దక్షిణానికి, కాళ్లు ఉత్తరానికి. తిప్పించిన మర్నాడు మొదటి కేసు నాది.

వెళ్లేసరికి నా మత్తు మిషను, ఆక్సిజన్ సిలిండర్లు, మోనిటర్ అన్నీ అవతలి గోడకు చేరి ఉన్నాయి. మిషను వైరు ప్లగ్గు దాకా అందక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెప్పించారు. అది నా కాళ్లకు అడ్డం. చిరాకేసింది. ‘ఇన్నాళ్లూ ఉత్తరం తలతో ఎన్ని వందల మందిని పడుకోబెట్టామో, వాళ్లంతా పిల్లల్ని ఎత్తుకుని ఇంటికెళ్లారు కదండీ’ అన్నాను. రాజేశ్వరి గారు నవ్వి, ‘మీకు నమ్మకం లేదని తెలుసు గానండి, పోనీ మన సొమ్మేం పోయింది’ అన్నారు. నిజమే, ఏం పోయిందనుకుని వైర్లు సర్దుకున్నాను. చోటు మారింది కాబట్టి మిషను లీకవుతోందేమో చూశాను, సక్షన్ చూశాను, లైటు తిప్పుకున్నాను. చెక్‌లిస్టులో ఉన్నవన్నీ చూశాను. కిటికీ అందులో లేదు.

పేషెంటు పేరు తులసి. ఇరవై ఆరేళ్లు. తణుకు అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం కోడలు. మూడేళ్ల క్రితం మొదటి కాన్పూ సిజేరియనే, ఇదే టేబుల్ మీద, స్పైనల్ ఇచ్చింది నేనే. నాకు గుర్తులేదు, కేస్ షీటు చూసి తెలుసుకున్నాను. రెండోది కూడా ఆపరేషనే కాబట్టి రోజు, వేళ ముందే పెట్టుకున్నారు. మా జిల్లాల్లో సిజేరియన్ అంటే డాక్టర్ని అడిగే ముందు పంచాంగం అడుగుతారు. తులసి అత్తగారు సుందరమ్మ గారు మడతపెట్టిన కాగితం ఒకటి రాజేశ్వరి గారి చేతిలో పెట్టారు. పది ముప్పై ఎనిమిది నుంచి పది యాభై లోపల బిడ్డ తల బయటపడాలి. ఆ పన్నెండు నిమిషాలు దాటితే నక్షత్రం పాదం మారిపోతుందట. ‘మా పెద్ద మనవరాలికి ఇలా చూసుకోలేదండి. అదెంత మొండిదో మీరే చూస్తారు’ అన్నారావిడ నాతో. తలుపు దగ్గర ఒక మూడేళ్ల పిల్ల నన్ను చూస్తూ నిలబడి ఉంది. నాకు మొండిగా ఏమీ కనిపించలేదు.

ముహూర్తాల విషయంలో నాదొక నియమం ఉండేది. ఇంజెక్షన్‌కు ముందు ఎంతసేపైనా ఆగుతాను. ఇంజెక్షన్ పడ్డాక ఒక్క నిమిషం ఆగను. స్పైనల్ ఇచ్చిన దగ్గరనుంచి బిడ్డ బయటకు వచ్చేదాకా గడిచే ప్రతి నిమిషమూ తల్లి బీపీకి పరీక్షే. ఆ రోజు లెక్క ప్రకారం పది ఇరవై రెండుకు ఇంజెక్షన్ మొదలుపెట్టాను. పాత సిజేరియన్ కేసు, కొంచెం ఒళ్లున్న మనిషి, వెన్ను దొరకడానికి అయిదారు నిమిషాలు పట్టవచ్చని ఊహించాను. తులసి చక్కగా వంగి కూర్చుంది, మొదటి పోటుకే సూదిలోంచి వెన్నులోని నీరు పడింది. నిమిషంలో పని అయిపోయింది. పడుకోబెట్టాం. సెలైన్ ధారగా పోతోంది. సత్యవతి దిండు పెట్టింది. నేను స్పిరిట్ దూది పొట్ట మీద నుంచి పైకి రాస్తూ చల్లగా ఎక్కడ తెలుస్తోందో అడుగుతున్నాను. బాగా రొమ్ముల దాకా ఎక్కింది, సరిగ్గా కావలసినంత. ఈలోగా ఆకుపచ్చ గుడ్డలు కప్పేశారు.

పది ఇరవై ఏడుకు రాజేశ్వరి గారు కత్తి పట్టుకోవడానికి సిద్ధం. గోడ గడియారం వైపు చూశారు. ‘ఇప్పుడు మొదలుపెడితే మూడు నాలుగు నిమిషాలు ముందే వచ్చేస్తాడేమోనండి. కొంచెం ఆగుదామా?’ అన్నారు. బీపీ చూశాను. నూట ఆరు. మొదట్లో నూట పద్దెనిమిది ఉంది. బాగానే ఉందనుకున్నాను. నియమం నాదే, తప్పింది కూడా నేనే. ‘నాలుగు నిమిషాలండి, అంతకు మించి కాదు’ అన్నాను.

బీపీ పట్టీ నిమిషానికోసారి బిగిసేలా పెట్టుకుంటాం. తర్వాతి నిమిషం తొంభై రెండు. ఫినైల్ ఎఫ్రిన్ ఒక మిల్లీలీటరు ఇచ్చాను. మామూలుగా అర నిమిషంలో లేస్తుంది. ఆ తర్వాత డెబ్బై ఎనిమిది. తులసి ఆవులించింది. స్పైనల్ ఇచ్చాక పేషెంటు ఆవులిస్తే నిద్ర వస్తోందనుకునేవాళ్లు మా వృత్తికి పనికిరారు. మళ్లీ మందిచ్చాను. ‘కడుపులో తిప్పుతోందండి’ అంది. అప్పటికే ఆమె పెదాలు తెల్లగా ఉన్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. అరవై నాలుగు.

ఇలాంటప్పుడు చూడవలసినవి వరుసగా చూశాను. మందు మరీ పైకి ఎక్కిందా? చెయ్యి బిగించమన్నాను, బిగించింది. ఊపిరి బాగానే ఆడుతోంది. సెలైన్ పోతోంది. చేతిలో సూది కూడా సరిగ్గానే ఉంది. రక్తస్రావం లేదు, ఇంకా కత్తే పెట్టలేదు. నాడి నూట ముప్పై కొట్టుకుంటోంది. గుండె తన వంతు కొడుతూనే ఉంది, దానికి రక్తం అందడం లేదు. బావిలో నీళ్లు లేనప్పుడు మోటారు ఎంతసేపు ఆడితే ఏం లాభం. రెండో రకం మందు, గుండెను కూడా తోసేది, ఇచ్చాను. యాభై ఎనిమిది. ‘తులసీ’ అన్నాను. కళ్లు తెరిచి మళ్లీ మూసేసింది. నాకు భయం వేసింది. ముప్పై రెండేళ్లలో టేబుల్ మీద తల్లిని పోగొట్టుకున్నది ఒక్కసారే. ఆ మొహం ఆ నిమిషంలో కళ్ల ముందుకు వచ్చింది.

‘రాజేశ్వరి గారూ, కొయ్యండి’ అన్నాను. ‘ముహూర్తం ఇంకా’ అని వారి సహాయకురాలు ఏదో అనబోతే రాజేశ్వరి గారు ‘నోర్ముయ్’ అన్నారు. ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

కడుపును చేత్తో ఎడమకు లాగి పట్టుకోవడమని ఒక పాత పద్ధతి ఉంది. దిండు చాలనప్పుడు చేస్తాం. పేషెంటు ఎడమ పక్కకు వెళ్లి, అవతలి పక్కనుంచి గర్భసంచిని రెండు చేతులతో మన వైపు లాక్కుని పట్టుకోవాలి. నేను మిషను వదిలి అటు పక్కకు వెళ్లాను. కిటికీ నా వీపుకు తగులుతోంది. గుడ్డల కింద చెయ్యి పెట్టాను. వేళ్లకు రెగ్జిన్ తగిలింది.

ఒక క్షణం అర్థం కాలేదు. దిండు కిటికీ వైపు ఉంది. ఉండవలసిన చోటే కదా ఉంది. అప్పుడు నా మోచేతికి ఆనుకుని ఉన్న చెయ్యి చూశాను. పట్టీ కట్టిన కుడిచెయ్యి కాదు. సెలైన్ ఎక్కుతున్న ఎడమచెయ్యి.

అంటే ఎనిమిది నిమిషాలుగా మేం ఆ మనిషిని కుడివైపుకు ఒరగబెట్టి, నిండు గర్భసంచిని తీసుకెళ్లి సరిగ్గా ఆ సిర మీదే కూర్చోబెట్టాం. ఏమీ పెట్టకుండా వదిలేసినా దీనికన్నా నయం. పైనుంచి నేను మందు మీద మందు పోస్తున్నాను. అది రక్తనాళాలను బిగిస్తుంది గాని, మూసుకున్న దారిని తెరవలేదు కదా. దిండు బయటకు లాగి పారేశాను. అది సత్యవతి కాళ్ల దగ్గర పడింది. కడుపును నా వైపు లాగి పట్టుకున్నాను. ‘ఏమైందండి’ అని రాజేశ్వరి గారు అడిగితే ‘తర్వాత చెబుతాను, కానివ్వండి’ అన్నాను. సత్యవతిని మోనిటర్ దగ్గర నిలబెట్టి అంకెలు చదవమన్నాను.

ఆమె చదివిన అంకెలు నాకు ఇప్పటికీ ఆ గొంతుతోనే వినిపిస్తాయి. డెబ్బై రెండండి. ఎనభై ఎనిమిదండి. నూట నాలుగండి. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. తులసి కళ్లు తెరిచి ‘అయిపోయిందాండి’ అని అడిగింది. ఇంకా లేదమ్మా అన్నాను.

బిడ్డ పది ముప్పై అయిదుకు పుట్టాడు. నీలంగా, మెత్తగా వేలాడుతూ వచ్చాడు. పిల్లల డాక్టరు గారు పక్కనే సిద్ధంగా ఉన్నారు కాబట్టి వెంటనే మాస్కు పెట్టి ఊపిరి అందించారు. ఒక నిమిషం పైన పట్టింది. తులసి ‘ఏడవట్లేదేంటండి?’ అని అడిగింది, రెండుసార్లు. తర్వాత ఏడ్చాడు. గట్టిగా, కోపంగా ఏడ్చాడు. రెండో రోజు, మూడో రోజు పరీక్షల్లో కూడా అంతా సవ్యంగానే ఉందన్నారు.

బయట సుందరమ్మ గారికి వేళ తెలిసింది. పది ముప్పై అయిదు. మూడు నిమిషాలు ముందు. ఆవిడ మొహం వాడిపోయింది. ముహూర్తం పెట్టింది కూడా ఆ వాస్తు సిద్ధాంతి గారేనట, ఆయనకు ఫోన్ చేశారు. ఆయన కొద్దిసేపు లెక్కలు వేసి, ఆ మూడు నిమిషాల ముందు వేళే ఇంకా శ్రేష్ఠమని, జాతకుడికి ప్రాణగండం పుట్టుకతోనే తీరిపోయిందని చెప్పారట. టేబుల్ దిక్కు మార్చడం వల్లే ఇది సాధ్యమైందని కూడా అన్నారట. ఆవిడ నా దగ్గరకు వచ్చి ఇదంతా వివరంగా చెప్పి, ‘సమయానికి తిప్పించారండి రాజేశ్వరి గారు’ అన్నారు. ‘అవునండి’ అన్నాను. టేబుల్ తిప్పడం వల్లే బిడ్డ మూడు నిమిషాలు ముందొచ్చాడన్న మాటలో నాకు అబద్ధమేమీ కనపడలేదు.

డాక్టర్ల గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. సత్యవతి కూర్చోలేదు, తలుపు పక్కన నిలబడింది. దిండు ఎడమ తుంటి కింద ఉందని చెప్పాను. రాజేశ్వరి గారు మంచి మనిషే గాని భయపడ్డ మనిషికి మంచితనం గుర్తుండదు. ‘పద్నాలుగేళ్ల నుంచి చేస్తున్నావు. కుడేదో ఎడమేదో తెలీకపోతే ఎలాగమ్మా? రేపు ఏదన్నా జరిగుంటే నేను ఎవరికి సమాధానం చెప్పాలి?’ అన్నారు. సత్యవతి ఏడవలేదు, వాదించలేదు. ‘మేడం గారు కిటికీ వైపు పెట్టమన్నారండి. కిటికీ వైపే పెట్టానండి’ అంది.

టీ గ్లాసు చేతిలో ఉంది. రెండు గుక్కలు తాగేంతసేపు ఊరుకున్నాను. ఆ రెండు గుక్కలంతసేపు నాకు తోచిందేమిటంటే, ఇందులో నా పేరు ఎక్కడా రాకుండా పోయే అవకాశముందని. సత్యవతి మాట రాజేశ్వరి గారికి సరిగ్గా అర్థం కాలేదు. నేను ఊరుకుంటే ఆమెను ఇంకో చోట పని చూసుకోమంటారు, నాకు వచ్చే వారం మళ్లీ ఫోన్ వస్తుంది. ఆ ఆలోచన రావడం నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. గ్లాసు కింద పెట్టి, ఆ కిటికీ కథంతా మొదటినుంచి చెప్పాను. తిప్పిన టేబుల్ చూసి కూడా, దాని మీద వెటకారం చేసి కూడా, దిండు మాట నాకు తట్టలేదని చెప్పాను. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు చేసిందని, పొరపాటు నా మాటలో ఉందని, ఆ మాట పద్నాలుగేళ్ల క్రితం నా ఓపికలేనితనం వల్ల వచ్చిందని చెప్పాను. ముహూర్తం కోసం ఆగడానికి ఒప్పుకున్నది కూడా నేనేనని కలిపాను. ‘ఆగుదామన్నది నేను కదండీ’ అన్నారు రాజేశ్వరి గారు. కాసేపు తప్పును ఇద్దరం చెరోవైపు లాక్కున్నాం. సత్యవతి మమ్మల్ని మార్చి మార్చి చూసి ‘మరైతే ఇకనించి ఏ వైపు పెట్టమంటారండి’ అని అడిగింది. అసలు ప్రశ్న అదే. పేషెంటు కుడి తుంటి కింద, అది ఏ గోడ వైపు వచ్చినా సరే అన్నాను. ఆమె మళ్లీ చేతులు అటూ ఇటూ తిప్పుకుని చూసుకుంది. ఈసారి నేను కదలకుండా కూర్చున్నాను.

మూడో రోజు తులసిని చూడటానికి వెళ్లాను. ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఉన్నట్టు మాకు రౌండ్లు ఉండవు. అయినా ఏం జరిగిందో ఆమెకు చెప్పవలసినది నేనే అనిపించింది. మంచం పక్కన కూర్చుని, దిండు తప్పు పక్కన పెట్టామని, అందువల్లే కళ్లు తిరిగాయని, బిడ్డకు ఆలస్యంగా ఊపిరి అందిందని, ఆ తప్పు నాదని చెప్పాను. కోప్పడితే పడాలని సిద్ధపడి వెళ్లాను. ఆమె బిడ్డ తల సరిచేసుకుంటూ విన్నది.

‘నాకు తెలుసండి’ అంది.

ఏం తెలుసమ్మా అన్నాను.

‘పెద్దమ్మాయప్పుడు దిండు ఈ చేతివైపు పెట్టారండి’ అని కుడిచెయ్యి కొంచెం లేపింది. ‘ఈసారి సిస్టర్ గారు అటువైపు నుంచి వచ్చి ఎడంచేతి వైపు పెట్టారు. అప్పటికి కాళ్లు ఇంకా పూర్తిగా తిమ్మిరెక్కలేదండి, తెలుస్తానే ఉంది. ఇదేంటి ఇటు పెట్టారు అనుకున్నాను. అడుగుదామనుకున్నానండి. మీరంతా అంత పెద్ద డాక్టర్లు, నాకన్నా మీకు తెలీదా అని ఊరుకున్నాను.’ కాస్త ఆగి, ‘తప్పు నాదేనండి, చెప్పుండాల్సింది’ అంది.

కాదమ్మా అన్నాను.

ఆ తర్వాత ఇంకో మూడేళ్లు పనిచేశాను. దిండు నేనే పెట్టాను. పెట్టాక పేషెంటును ‘దిండు ఏ చేతివైపు ఉందో చెప్పమ్మా’ అని అడిగి, జవాబు వచ్చేదాకా గుడ్డలు కప్పనిచ్చేదాన్ని కాదు. కొంతమంది తికమకపడి తప్పు చెప్పేవారు. అప్పుడు వంగి మళ్లీ చూసుకునేదాన్ని. చాదస్తమని కొత్త ఎనస్థటిస్టులు నవ్వారు, నవ్వనిచ్చాను. స్పైనల్ ఇచ్చిన గదిలో మెలకువగా ఉండే మనుషుల్లో పేషెంటు కూడా ఒకరు. నేను మోనిటర్‌లో అంకెలు పడిపోయాక వెతికి పట్టుకున్నది ఆమెకు మొదటి నిమిషంలోనే తెలుసు. ఆమెను అడగవలసినది నేను. అడగలేదు.